ఇంటి మరమ్మతు: కాంట్రాక్టరుకు అప్పగించుటా, మనమే చేయించుకొనుటా?

(శాఖా సభ్యుల కుటుంబ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు మేము మాట్లాడదలచినది వేతన సవరణను గురించి కాదు, బదిలీలను గురించి కాదు, పింఛను గురించి కూడ కాదు. ఇంటి మరమ్మతును గురించి. ఈ మాట వినగానే వెనుక వరుసలో కొందరు నవ్వినారు. నవ్వవచ్చును. కాని యూనియను కార్యాలయమునకు వచ్చు సభ్యులలో, ముఖ్యముగా పదవీ విరమణకు రెండు మూడు సంవత్సరముల దూరములో ఉన్నవారిలో, ఈ ప్రశ్న అడుగనివారు తక్కువ. "పాత ఇల్లు బాగుచేయించవలెను. మొత్తము కాంట్రాక్టరుకు అప్పగించమందురా, లేక మేస్త్రీలను పెట్టుకొని మేమే చేయించుకొనమందురా?" అని వారు అడుగుదురు.

ఈ ప్రశ్న మనవారికి తరచుగా ఎదురగుటకు కారణము కలదు. రైల్వే ఉద్యోగి కాని, తపాలా ఉద్యోగి కాని తన జీవితములో ముప్పది యేండ్లు క్వార్టర్లలోనో అద్దె ఇండ్లలోనో గడుపును. ఖరగ్‌పూర్‌లో ఉద్యోగము చేయువారి ఇల్లు శ్రీకాకుళము జిల్లాలో ఉండును. గుంతకల్లులో ఉద్యోగము చేయువారి ఇల్లు మరొక పల్లెలో తాళము వేసి ఉండును. విరమణ దగ్గర పడగానే, క్వార్టరు ఖాళీ చేయు గడువు లోపల, ఆ ఇంటిని నివాసయోగ్యము చేసికొనవలెను. చేతికి వచ్చిన సొమ్ము జీవితమంతయు కూడబెట్టినది. అది ఒకసారి తప్పుదారిన పోయిన మరల రాదు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని పెద్దలు అన్నారు. ఆ సామెతలో మరమ్మతు మాట లేదు. కాని మా అనుభవములో కొత్త ఇల్లు కట్టుట కంటె పాత ఇల్లు బాగుచేయుటయే కష్టము. కొత్త ఇంటికి ముందుగా కొలతలు ఉండును, లెక్క ఉండును. పాత గోడను కొట్టువరకు దాని లోపల ఏమున్నదో ఎవరికిని తెలియదు.

మొదట మా కథ చెప్పెదము. దాచుకొనుటకు ఏమియు లేదు.

మా తండ్రిగారు 1978లో కట్టిన ఇంటికి 2011లో మరమ్మతు తలపెట్టినాము. స్లాబు కారుచున్నది, గోడల గిలాబు రాలుచున్నది. అప్పుడు మేము యూనియను పనులలో తలమునకలుగా ఉండి, ఒక కాంట్రాక్టరును పిలిచి, మెటీరియలుతో సహా 3,20,000 రూపాయలకు మాట్లాడుకొన్నాము. కాగితము వ్రాసికొనలేదు. తెలిసినవారి ద్వారా వచ్చిన మనిషి, మాట చాలునని అనుకొన్నాము. అతడు అడిగినప్పుడెల్ల ఇచ్చుచు పోగా, సగము పని పూర్తి కాకముందే 2,40,000 రూపాయలు అతని చేతికి చేరినవి. ఆ తరువాత అతడు రావడము మానివేసినాడు.

ఒకనాటి సాయంకాలము మేము ఇంటికి చేరుసరికి గుమ్మములో ఐదుగురు కూర్చుండి ఉన్నారు. ఇద్దరు తాపీ మేస్త్రీలు, ముగ్గురు కూలీలు. ఆ ముగ్గురిలో ఇటుకలు మోసిన ఒక స్త్రీ లేచి, "అయ్యగారూ, పన్నెండు రోజుల కూలి రాలేదండి. ఆయన ఫోను ఎత్తటం లేదు" అన్నది. మేము వెంటనే చెప్పిన సమాధానము ఇది: "మేము డబ్బు మేస్త్రీకి ఇచ్చివేసినాము. ఆయననే అడుగవలెను."

సోదరులారా, ఆ మాట నోటినుండి వెలువడిన తరువాత మాకు గుర్తుకు వచ్చినది. ఆనాటి ఉదయమే మేము ఒక కార్యాలయము ఎదుట ధర్నాలో నిలిచియున్నాము. అక్కడ శుభ్రపరచు పని చేయు కాంట్రాక్టు కార్మికులకు రెండు నెలల వేతనము అందలేదు. అధికారి బయటికి వచ్చి మాకు చెప్పినది ఏమి? "మేము కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించినాము. మీరు ఆయననే అడుగవలెను." ఉదయము ఆ మాట విని మేము నినాదములు చేసినాము. సాయంకాలము అదే మాట మా గుమ్మములో మేమే పలికినాము.

మేస్త్రీలకు అప్పటి కూలి రోజుకు 400, కూలీలకు 250. ఐదుగురికి రోజుకు 1,550 చొప్పున పన్నెండు రోజులకు 18,600 రూపాయలు అయినది. మరునాడు బ్యాంకు నుండి తెచ్చి వారి చేతికే ఇచ్చినాము. అది మా ఉదారత కాదు. ఒకసారి చెల్లించినదానినే మరల చెల్లించుటలో మాకు కోపము కూడ వచ్చినది. కాని వారు మోసినది మా ఇంటి ఇటుకలే గదా!

ఆ దెబ్బతో, ఇక కాంట్రాక్టరు అను మాటయే వద్దని ఒట్టు పెట్టుకొన్నాము. 2018లో వంటగది, స్నానపుగది మార్చవలసి వచ్చినప్పుడు ఒక కాంట్రాక్టరు 2,60,000 రూపాయలు అడుగగా, "మేమే చేయించుకొందుము" అని పంపివేసినాము. తాపీ మేస్త్రీని ఒకచోట, ప్లంబరును మరొకచోట, టైల్సు వేయువారిని ఇంకొకచోట మాట్లాడినాము. ప్లంబరు రెండు రోజులు ఆలస్యముగా వచ్చుననగా, టైల్సు మేస్త్రీ ఖాళీగా ఉన్నాడని అతనిచేత ముందే పని మొదలు పెట్టించినాము. గోడలోని పైపులకు ఒత్తిడి పరీక్ష జరుగలేదు. టైల్సు అంటించిన వారమునకు గోడ చెమ్మగిల్లినది. అంటించినవి పగులగొట్టినాము. తిరిగి కొనబోగా అదే రంగు టైల్సు దుకాణములో లేవు. ఇరువది రోజుల పని ఏబది మూడు రోజులైనది.

లెక్క చూచుకొన్నాము. మొత్తము ఖర్చు 2,43,000. కాంట్రాక్టరు అడిగినదాని కంటె 17,000 రూపాయలు మిగిలినవి. దానికి మేము వాడిన సెలవులు పదునేడు రోజులు. అనగా రోజుకు వెయ్యి రూపాయలు. మా ఒక రోజు జీతము అంతకంటె ఎక్కువ. మా సెలవు లేని దినములలో ఇసుక లోడు దింపించినది, మేస్త్రీలకు టీ కాచినది, గోడలు తడిపినది మా శ్రీమతి. ఆమె శ్రమకు మేము ఏ పద్దులోను లెక్క వ్రాయలేదు.

కావున కాంట్రాక్టరు చెడ్డవాడు, స్వయముగా చేయించుకొనుట మంచిది అని కాని, దానికి వ్యతిరేకముగా కాని మేము చెప్పుటకు రాలేదు. ఏ పనికి ఏది తగినదో తెలిసికొనవలెను. అందుకు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటి ప్రశ్న: పనిలో ఎన్ని చేతివృత్తులు కలియుచున్నవి? గోడలకు రంగులు వేయవలెనన్న ఒకే వృత్తి. కిటికీలు మార్చవలెనన్న వడ్రంగి, అతని వెనుక అరరోజు తాపీ మేస్త్రీ. ఇట్టి వాటికి కాంట్రాక్టరు అనవసరము. వంటగది, స్నానపుగది అట్లు కాదు. పాతది కొట్టుట, పైపులు, కరెంటు గొట్టములు, గిలాబు, నీరు దిగకుండ పూత, టైల్సు, తలుపులు, రంగులు ఒకదాని తరువాత ఒకటి నడువవలెను. స్నానపుగది నేలకు పూత వేసిన తరువాత కనీసము ఒక పగలు, ఒక రాత్రి నీరు నిలిపి చూచి, క్రిందికి దిగలేదని తేలిన పిదపనే టైల్సు వేయవలెను. ఈ వరుస తప్పిన మా గతియే పట్టును. మూడుకు మించి వృత్తులు కలిసినచో, వరుసను నడుపు ఒక మనిషి కావలెను. ఆ మనిషికి ఇచ్చునదే కాంట్రాక్టరు లాభము. కేంద్ర ప్రజాపనుల శాఖవారు తమ రేట్ల విశ్లేషణలో కాంట్రాక్టరు లాభమునకును, పై ఖర్చులకును కలిపి 15 శాతము చేర్చుదురు. ఇంటి కాంట్రాక్టరు అంతకు ఎంతో మించి అడిగినచో ఎందులకని అడుగుటకు మనకు ఆధారము ఇదియే.

రెండవ ప్రశ్న: పనివద్ద ఎవరు నిలుచుదురు? రన్నింగు స్టాఫుకు ఏ రాత్రి ఎక్కడ తెల్లవారునో తెలియదు. ఆర్.ఎం.ఎస్.లో రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారు పగలు నిద్రించవలెను. "ఇంటివద్ద ఆమె ఉన్నది గదా" అని చాలమంది అందురు. ఆ భారము మోయవలసిన వారిని ముందుగా అడిగితిరా? ఇంటి స్త్రీలు ఈ సమావేశములో ఉన్నారు గనుకనే మేము ఈ మాట ఇక్కడ అనుచున్నాము. వారు ఒప్పుకొనని పక్షమున, లేక ఇల్లు మీరున్న ఊరికి దూరమైన పక్షమున, కాంట్రాక్టరే శరణ్యము.

మూడవ ప్రశ్న: పని ఇంటి బలమునకు సంబంధించినదా? బరువు మోయు గోడ తీయుట, స్లాబులో ఇనుము త్రుప్పు పట్టి పెచ్చులూడుట, పై అంతస్తు వేయుట వంటి వాటియందు మొదట కావలసినవాడు కాంట్రాక్టరు కాడు, ఇంజనీరు. త్రుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగులగొట్టును. పైనుండి సిమెంటు పూసిన లోపలి త్రుప్పు ఆగదు. కారుచున్న స్లాబుపై మరొక మూడు అంగుళముల కాంక్రీటు పరచెదమని చెప్పు కాంట్రాక్టర్లు కలరు. 600 చదరపు అడుగుల స్లాబుపై మూడు అంగుళములనగా 150 ఘనపుటడుగులు. దాని బరువు సుమారు పది టన్నులు. ఏబది యేండ్లనాటి స్లాబు నెత్తిన పది టన్నులు పెట్టుటకు ముందు ఒక ఇంజనీరుకు చూపుట కర్తవ్యము కాదా?

నాలుగవ ప్రశ్న: సొమ్ము ఎక్కడిది? 2004 జనవరి 1కి ముందు సర్వీసులో చేరినవారికి భవిష్యనిధి కలదు. ఇంటి నిర్మాణమునకు, మార్పులకు నిల్వలో 90 శాతము వరకు తీసికొనుటకు 2017లో సాధారణ భవిష్యనిధి నిబంధనలను సడలించినారు. గృహ నిర్మాణ అడ్వాన్సు 2017 నిబంధనల ప్రకారము, ఉన్న ఇంటిని విస్తరించుటకు 34 నెలల మూలవేతనము లేక 10 లక్షల రూపాయలు, వీనిలో తక్కువదానికి మించి లభించదు. అసలు మొదట, వడ్డీ తరువాత తీర్చుకొనవచ్చును. తీసికొనుట సులభమైనది కనుకనే జాగ్రత్త హెచ్చుగా కావలెను. నిధిలోని సొమ్మంతయు గోడలలో పెట్టి, విరమణ తరువాత వైద్యమునకు అప్పు చేసినవారిని మేము ఎరుగుదుము. పని అంచనా ఎంతయైనను, దానిపై కొంత విడిగా ఉంచుకొనవలెను. పాత గోడ తన రహస్యమును కొట్టిన తరువాతనే చెప్పును.

ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము దొరికినచో, మూడు పద్ధతులలో ఒకటి ఎన్నుకొనవచ్చును. చిన్న పనికి దినకూలి. మెటీరియలు మనము కొని, పనికి మాత్రము చదరపు అడుగు లెక్కన కట్టునది లేబరు కాంట్రాక్టు. ఇంటివద్ద ఒకరు ఉండగలిగినచో మధ్యతరగతివానికి ఇది తగినది. సిమెంటు, ఇసుక నాణ్యము మన చేతిలో ఉండును. అన్ని వృత్తులు కలిసిన పెద్ద పనికి, మనము దగ్గర లేనప్పుడు, మెటీరియలుతో సహా కాంట్రాక్టు.

ఏ పద్ధతియైనను కాగితము లేక పని మొదలు పెట్టరాదు. ఇందులో రైల్వే ఉద్యోగులకు చెప్పవలసినది లేదు. ఇంజనీరింగు శాఖలో మెజర్‌మెంటు బుక్కు లేనిదే బిల్లు కదలదు, సెక్యూరిటీ డిపాజిట్టు లేనిదే పని ఇవ్వరు. ఆ నియమములను ఇంటికి ఎందుకు తేరాదు? పన్నెండు అడుగులు, పది అడుగులు గల గదికి చుట్టుకొలత 44 అడుగులు. పది అడుగుల ఎత్తున గోడల వైశాల్యము 440 చదరపు అడుగులు. తలుపుకు 21, కిటికీకి 16 తీసివేసిన 403. "సుమారు ఐదు వందలు" అని మేస్త్రీ చెప్పినప్పుడు, టేపు పట్టుకొని కొలిచినవానికి మాత్రమే 97 అడుగుల సొమ్ము మిగులును. తలుపు కిటికీలు తీసివేయుదురా లేదా అనునది ముందుగానే కాగితముపై ఉండవలెను.

చెల్లింపు విషయము. నాలుగు లక్షల పనియనుకొందము. బయానాగా 40,000. పాతది కొట్టి పైపులు, కరెంటు గొట్టములు వేసి పరీక్షించిన తరువాత ఒక లక్ష. గిలాబు, నీటి పూత ముగిసిన తరువాత ఒక లక్ష. టైల్సు, తలుపుల తరువాత 80,000. రంగులు ముగిసి రద్దు ఎత్తివేసిన తరువాత 40,000. మిగిలిన 40,000 ఒక వర్షకాలము గడచి, ఎక్కడను కారుట లేదని తేలిన తరువాత. జరిగిన పనికి మించిన సొమ్ము ఏనాడును అవతలి చేతిలో ఉండరాదు. మా 2,40,000 రూపాయలు మాకు నేర్పిన పాఠమిది. ఏ కంపెనీ సిమెంటు, ఏ రకము పైపు, ఎన్ని రోజులలో ముగించుట, అదనపు పని వచ్చినచో ఏ ధర, రద్దు ఎవరు ఎత్తించుట, ఇవన్నియు వ్రాయవలెను. కొత్త సిమెంటు పనికి నీరు పెట్టుట ఎవరి బాధ్యతయో కూడ వ్రాయవలెను. కాంక్రీటుకు సాధారణ సిమెంటు వాడిన కనీసము 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటు వాడిన 10 రోజులు తడుపవలెనని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. మన ఎండలకు అంతకంటె ఎక్కువయే మేలు. "మీరు తడుపుదురనుకొన్నాము" అని ఇరువురును అనుకొన్న గోడలే పగుళ్లు చూపును.

కాగితము ఉన్నను పని చెడినచో వినియోగదారుల కమిషను కలదు. ఇంటి నిర్మాణము కూడ సేవయేనని సుప్రీంకోర్టు 1993లోనే తీర్పు చెప్పినది. రెండు సంవత్సరముల లోపల ఫిర్యాదు చేయవలెను. చెల్లించిన మొత్తము ఐదు లక్షల లోపు అయినచో రుసుము లేదు. కాగితము, రసీదులు, ఫోటోలు లేనివానికి అక్కడ బలము తక్కువ.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టములోని 21వ సెక్షను, కాంట్రాక్టరు వేతనము ఇవ్వనిచో ప్రధాన యజమాని చెల్లించి, ఆ సొమ్మును కాంట్రాక్టరు నుండి రాబట్టుకొనవలెనని చెప్పినది. ఆ సెక్షనును చేతబట్టుకొనియే మనము ఎన్నో కార్యాలయముల ఎదుట నిలిచినాము. ఆ చట్టము ఇరువది మంది ఉన్నచోటనే వర్తించెడిది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కొత్త కోడు ఆ సంఖ్యను ఏబదికి పెంచినది. భవన నిర్మాణ కార్మికుల 1996 చట్టము పది లక్షల లోపు సొంత ఇంటి పనిని మినహాయించగా, కొత్త కోడు ఆ మినహాయింపును ఏబది లక్షల వరకు పెంచినది. అనగా మన ఇంటి గోడ కట్టు ఐదుగురిని ఈ నియమములలో ఏదియు ముట్టదు. ఆ ఐదుగురికి మనమే ప్రధాన యజమానులము. మనలను నిలదీయుటకు వారికి యూనియను కూడ లేదు.

కావున ఒప్పందములో మరి నాలుగు షరతులు వ్రాయవలెను. కూలి ప్రతి వారము మన ఎదుట పంచవలెను. వారి సంతకము గల చీటీ చూచిన తరువాతనే తరువాతి విడత. కనీస వేతనమునకు తగ్గరాదు. పరంజా గట్టిగా కట్టవలెను. పైనుండి ఎవరైనను పడినచో వైద్యము ఎవరు చేయించునో ముందే తేల్చవలెను. పదునాలుగు సంవత్సరముల లోపు పిల్లలను పనికి తేరాదు. మంచినీరు, మరుగుదొడ్డి ఇంటివారు ఇవ్వవలెను. ఇందులకు పెద్ద ఖర్చు లేదు. పని ముగిసిన తరువాత, ఇన్ని దినములు మా ఇంట పనిచేసినారని ఒక కాగితము వ్రాసి ఇవ్వవలెను. సంక్షేమ బోర్డులో పేరు నమోదుకు సంవత్సరములో 90 దినములు పనిచేసినట్లు చూపవలసి ఉండును. మన సంతకము వారికి అక్కడ సాక్ష్యము.

"ఇన్ని షరతులు పెట్టిన కాంట్రాక్టరు దొరుకునా?" అని ఒక మిత్రుడు ఇంతకుముందే అడిగినాడు. కొందరు వెళ్లిపోవుదురు. వెళ్లిపోవువారు ఎట్టివారో మనకు ముందే తెలిసినట్లు. ధర కొంత పెరుగవచ్చును, అదియు నిజమే. తక్కువ ధరకు ఒప్పుకొన్న కాంట్రాక్టరు ఆ తక్కువను ఎక్కడినుండి తెచ్చును? సిమెంటు నుండి, లేదా కూలి నుండి. మొదటిది మన గోడలో తెలియును. రెండవది మా గుమ్మములో తెలిసినది.

చివరగా శాఖా కార్యవర్గమునకు రెండు ప్రతిపాదనలు. ఒకటి, పని చేయించుకొన్న ప్రతి సభ్యుడును మేస్త్రీ పేరు, పని, కొలత, ధర, కాలము, అనుభవము ఒక నోటు పుస్తకములో వ్రాయవలెను. ఆ పుస్తకము కార్యాలయములో అందరికిని అందుబాటులో ఉండవలెను. రెండు, పైన చెప్పిన షరతులతో ఒక నమూనా ఒప్పంద పత్రము తయారుచేసి సభ్యులకు ఇవ్వవలెను. మా 2011 నాటి అనుభవమును ఆ పుస్తకములో మొదటి పుటలో మేమే వ్రాసెదము. మేము చేసిన తప్పుతో సహా.